వాటాదారు వెళ్లిపోయినా రిజిస్టర్‌లో పేరు ఎందుకు మిగిలిపోతుంది?

నలుగురు కలిసి పెట్టుకున్న ప్రైవేటు కంపెనీ నుంచి ఒకరు తప్పుకుంటారు. మాటలు తెగుతాయి, డబ్బు చేతులు మారుతుంది, ఒక్కోసారి పెద్దమనుషుల ఎదుట కాగితం కూడా రాసుకుంటారు. ఆ తర్వాత కంపెనీ సెక్రటరీకో, చార్టర్డ్ అకౌంటెంటుకో ఫోను వెళుతుంది: "ఆయన వెళ్లిపోయారండీ, పేరు తీసేయండి." ఇంత మామూలుగా అడిగే ఈ పనికి చట్టంలో చోటు లేదు. 2013 కంపెనీల చట్టాన్ని ఎంత తిరగేసినా, వాటాదారు పేరును తనంతట తానుగా కొట్టేసే అధికారాన్ని డైరెక్టర్ల బోర్డుకు ఇచ్చే సెక్షన్ కనిపించదు. పేరు పోవాలంటే ముందు ఆయన షేర్లకు ఏదో ఒకటి జరగాలి. అవి ఇంకొకరి పేరుకు మారాలి, లేదా చట్టం చెప్పిన పద్ధతిలో రద్దు కావాలి. మనిషి ఆఫీసుకు వస్తున్నాడా, మానేశాడా అన్నది వాటాదారుల పేర్లుండే సభ్యుల రిజిస్టర్‌కు సంబంధం లేని విషయం.

గందరగోళం ఎక్కువగా డైరెక్టర్ పదవి దగ్గర మొదలవుతుంది. చిన్న కంపెనీల్లో డైరెక్టర్లూ వాటాదారులూ సాధారణంగా ఒకరే. డైరెక్టర్‌గా రాజీనామా చేయడానికి సెక్షన్ 168 ఉంది. ఉత్తరం ఇస్తే చాలు, కంపెనీకి అది అందిన రోజునో, ఉత్తరంలో రాసిన రోజునో, ఏది తర్వాతదైతే ఆ రోజున పదవి పోతుంది. కంపెనీ 30 రోజుల్లో డీఐఆర్-12 ఫారం దాఖలు చేస్తే కార్పొరేట్ వ్యవహారాల శాఖ వెబ్‌సైట్‌లో డైరెక్టర్ల జాబితా నుంచి ఆ పేరు మాయమవుతుంది. దాన్ని చూసి అంతా అయిపోయిందని ఇరుపక్షాలూ అనుకుంటాయి. వాటాకు మాత్రం రాజీనామా అనేది లేదు. పదవి వదులుకున్నా షేర్లు ఆయన పేరునే ఉంటాయి, వాటితో పాటు ఓటు, డివిడెండు, సమావేశానికి నోటీసు అందుకునే హక్కు కూడా. కొన్నేళ్ల తర్వాత కంపెనీ స్థలం అమ్మకానికి వచ్చినప్పుడో, బయటి పెట్టుబడిదారు పాత రికార్డులు తనిఖీ చేసినప్పుడో ఈ సంగతి బయటపడుతుంది. అప్పటికి పాత మిత్రులు ఒకరి ఫోను ఒకరు ఎత్తని స్థితిలో ఉంటారు.

సెక్షన్ 88 ప్రకారం ప్రతి కంపెనీ సభ్యుల రిజిస్టర్ నిర్వహించాలి. షేర్లున్న కంపెనీకి దాని నమూనా ఎంజీటీ-1 ఫారం. ఒక్కో సభ్యుడికి ఒక్కో ఫోలియో, అంటే ఖాతా పేజీ. అందులో పేరు, చిరునామా, పాన్, సభ్యుడైన తేదీతో పాటు సభ్యత్వం ముగిసిన తేదీ రాయడానికి కూడా గడి ఉంటుంది. పేరు తీసేయడం అని వాడుకలో అంటున్నది నిజానికి ఆ గడిని నింపడమే. పేజీ చించరు, పేరు మీద గీత కొట్టరు. బదిలీ అయిన షేర్ల సంఖ్య, తేదీ, అవి చేరిన కొత్త ఫోలియో రాసి, మిగులు సున్నా అయితే ఖాతా మూసేస్తారు. ఈ రిజిస్టర్‌ను శాశ్వతంగా భద్రపరచాలన్నది నిబంధన. అంటే 20 ఏళ్ల తర్వాత చూసినా ఎవరు ఎప్పుడు వచ్చారో, ఎప్పుడు వెళ్లారో తెలియాలి. సెక్షన్ 95 ఈ నమోదులకు ప్రాథమిక సాక్ష్యం విలువ ఇచ్చింది. తప్పు నమోదు, దిద్దుబాటు ద్రవం పూసిన నమోదు అంత ప్రమాదకరం కావడానికి కారణం అదే.

మన దగ్గర భూమి కొన్నవారికి ఇది సులభంగానే బోధపడుతుంది. రిజిస్ట్రేషన్ అయినంత మాత్రాన సరిపోదు, మ్యుటేషన్ జరిగి పాస్ పుస్తకంలో పేరు ఎక్కాలి. షేర్లలోనూ అంతే. అమ్మినవారికీ కొన్నవారికీ మధ్య లావాదేవీ ఒకటి, కంపెనీ దాన్ని గుర్తించి నమోదు చేయడం మరొకటి. ఈ రెండింటి మధ్య కాలంలో కంపెనీ దృష్టిలో సభ్యుడు పాతవాడే. బదిలీ పత్రం అందినా నమోదు పూర్తి కాని షేర్లపై ఆ మధ్యలో డివిడెండు ప్రకటిస్తే, దాన్ని ప్రత్యేక ఖాతాలో ఉంచాలని సెక్షన్ 126 చెబుతోంది. పాత యజమాని రాతపూర్వకంగా ఒప్పుకుంటేనే కొత్తవారికి చెల్లించవచ్చు.

కాగితం షేర్లయితే బదిలీకి ఎస్‌హెచ్-4 అనే పత్రం కావాలి. అమ్మేవారు, కొనేవారు ఇద్దరూ సంతకం చేయాలి. సంతకం చేసిన తేదీ నుంచి 60 రోజుల్లోగా షేర్ సర్టిఫికెట్‌తో కలిపి కంపెనీకి అందజేయాలి. స్టాంపు సుంకం 2020 జూలై 1 నుంచి దేశమంతటా ఒకే రేటు, సొమ్ములో 0.015 శాతం. అంతకుముందు అది 0.25 శాతం. వెళ్లిపోతున్న వ్యక్తి 10,000 షేర్లను ఒక్కొక్కటి 300 రూపాయలకు అమ్మితే మొత్తం 30 లక్షలు. దానిపై పాత రేటున సుంకం 7,500 రూపాయలు, ఇప్పుడు 450. వేరే ఒప్పందం లేకపోతే దాన్ని భరించాల్సింది అమ్మేవారే. 450 రూపాయల స్టాంపు లేని పత్రాన్ని కంపెనీ నమోదు చేయకూడదు. లక్షల రూపాయల వాటా ఈ చిన్న లోపం వల్ల ఏళ్ల తరబడి గాలిలో వేలాడటం కన్నా విచారకరం ఏముంటుంది?

పత్రం అందాక బోర్డు సమావేశంలో తీర్మానం చేస్తారు. బోర్డు ఆమోదించిన ఏడు రోజుల్లో రిజిస్టర్‌లో నమోదు జరగాలి. పత్రం అందిన నెల రోజుల్లో కొత్త యజమానికి సర్టిఫికెట్ చేరాలి. చాలా కంపెనీలు కొత్తది ముద్రించకుండా పాత సర్టిఫికెట్ వెనుక పట్టికలోనే బదిలీ తేదీ, కొత్త ఫోలియో నంబరు, కొత్త యజమాని పేరు రాసి సంతకం చేసి ఇస్తాయి. ఆ పట్టిక ఖాళీగా ఉందంటే, ఎన్ని కబుర్లు చెప్పినా బదిలీ పూర్తి కానట్టే. ఇంకో విషయం చాలామందికి వింతగా తోస్తుంది. మామూలు షేర్ బదిలీకి కంపెనీల రిజిస్ట్రార్ దగ్గర అప్పటికప్పుడు దాఖలు చేయాల్సిన ఫారం ఏదీ లేదు. ఆ మార్పు తర్వాతి వార్షిక రిటర్న్‌లో, అంటే ఎంజీటీ-7లోనో, చిన్న కంపెనీ అయితే ఎంజీటీ-7ఏలోనో కనిపిస్తుంది. కాబట్టి ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ఇంకా పాత పేరే ఉందని కంగారు పడనక్కర్లేదు, కొత్త పేరు వచ్చిందని నిశ్చింతగా కూర్చోకూడదు కూడా. అసలు రికార్డు రిజిస్టర్డ్ ఆఫీసులో ఉన్న పుస్తకం.

తేదీ లేని ఖాళీ ఎస్‌హెచ్-4 పత్రాల మీద ముందే సంతకాలు తీసుకుని బీరువాలో పెట్టుకునే అలవాటు గురించి గట్టిగా చెప్పాలి. ఉద్యోగులకు వాటా ఇచ్చేటప్పుడు, బంధువు పేరున షేర్లు ఉంచేటప్పుడు కొందరు యజమానులు దీన్ని ముందుజాగ్రత్త అనుకుంటారు. తర్వాత అవసరం పడ్డప్పుడు తమకు అనుకూలమైన తేదీ వేస్తారు. 60 రోజుల గడువు లెక్క సంతకం చేసిన తేదీ నుంచి మొదలవుతుంది గనుక, వేసిన తేదీ నిజం కాదని తేలితే పత్రం చెల్లుబాటే ప్రశ్నలో పడుతుంది. సొమ్ము ముట్టిన ఆధారం కూడా లేకపోతే వ్యవహారం మోసం ఆరోపణ దాకా వెళుతుంది. వాటాదారు వెళ్లిపోతే షేర్లు తిరిగి రావాలన్న కోరిక న్యాయమైనదే. దానికి సరైన చోటు బీరువా కాదు, కంపెనీ ఆర్టికల్స్, అంటే దాని అంతర్గత నియమావళి.

ఆర్టికల్స్ విలువ ఏమిటో సుప్రీంకోర్టు 1991లో రంగరాజ్ వర్సెస్ గోపాలకృష్ణన్ కేసులో తేల్చింది. ఒక కుటుంబ కంపెనీలో రెండు శాఖలకు సగం సగం షేర్లు. ఎవరు అమ్మినా ముందు తమ శాఖవారికే ఇవ్వాలని లోపల ఒప్పందం. ఒకరు దాన్ని కాదని అవతలి శాఖకు అమ్మారు. ఆర్టికల్స్‌లో లేని ఆంక్ష కంపెనీనీ, వాటాదారులనూ కట్టిపడేయదని కోర్టు చెప్పింది. అన్నదమ్ములు, తోడల్లుళ్లు, చిన్ననాటి స్నేహితులు నమ్మకం మీద నడిపే కంపెనీలు తెలుగు రాష్ట్రాల్లో తక్కువేమీ లేవు. వెళ్లేవారు ముందు ఎవరికి అమ్మాలి, ధర ఎవరు లెక్కకట్టాలి, ఎన్ని రోజుల్లో తేల్చాలి అన్న నాలుగు వాక్యాలు స్థాపించిన నాడే ఆర్టికల్స్‌లో రాసుకుంటే తర్వాత తలెత్తే తగాదాల్లో సగం పుట్టవు. నమ్మకం ఉన్న రోజున రాసుకోవడానికి మొహమాటపడితే, అది పోయిన రోజున రాసుకోవడానికి ఇద్దరూ కలిసి కూర్చోరు. టాటా సన్స్ ఆర్టికల్స్‌లోని 75వ నిబంధన ప్రత్యేక తీర్మానంతో (కనీసం నాలుగింట మూడొంతుల ఓట్లతో చేసేది) ఏ సాధారణ వాటాదారునైనా షేర్లు బదిలీ చేయమని కోరే వీలు కల్పిస్తుంది. 2021 మార్చిలో వచ్చిన తీర్పులో సుప్రీంకోర్టు ఆ నిబంధనను తప్పుపట్టలేదు. బలవంతపు నిష్క్రమణకైనా ఆధారం ఆర్టికల్స్‌లోనే ఉండాలన్న మాట.

ఇక అన్నిటికన్నా తరచుగా జరిగే తప్పు డబ్బు ఎవరి జేబులోంచి వెళ్లింది అన్న దగ్గర జరుగుతుంది. ముగ్గురు మిత్రుల్లో ఒకరు వెళ్లిపోతుంటే మిగతా ఇద్దరి దగ్గర అంత సొమ్ము ఉండదు. కంపెనీ ఖాతాలో ఉంటుంది. సరే, కంపెనీ చెక్కు ఇచ్చేసి, పేరు తీసేసి, అంతా అయిపోయిందనుకుంటారు. కంపెనీ తన షేర్లను తానే ఇష్టం వచ్చినట్టు కొనకూడదని సెక్షన్ 67 నిషేధిస్తుంది. తలుపు పూర్తిగా మూయలేదు, సెక్షన్ 68 కింద బైబ్యాక్ అనే దారి ఉంది. కానీ దానికి చాలా షరతులున్నాయి. ఆర్టికల్స్‌లో అనుమతి ఉండాలి. చెల్లింపు మూలధనం (వాటాదారులు కట్టిన సొమ్ము), స్వేచ్ఛా నిల్వలు (పంచడానికి వీలైన మిగులు లాభాలు) కలిపిన మొత్తంలో 10 శాతం దాకా బోర్డు తీర్మానం చాలు, 25 శాతం దాకా వాటాదారుల ప్రత్యేక తీర్మానం కావాలి. ఒక ఆర్థిక సంవత్సరంలో ఈక్విటీ షేర్లలో పావు వంతుకు మించి కొనకూడదు. కొన్నాక అప్పులు మూలధనం, నిల్వలు కలిపిన దానికి రెండింతలు దాటకూడదు. ఏడు రోజుల్లో ఆ షేర్లను భౌతికంగా నాశనం చేయాలి, 30 రోజుల్లో ఎస్‌హెచ్-11 ఫారం దాఖలు చేయాలి, ఒకసారి చేశాక ఏడాది దాకా మళ్లీ చేయకూడదు. పైగా ఆఫర్ అందరు వాటాదారులకూ దామాషాలో వెళ్లాలి. మిగతావారు తమకు వద్దని చెప్పొచ్చు.

ఇక్కడొక లెక్క చూడాలి. ముగ్గురికీ సమానంగా షేర్లుంటే వెళ్లేవారి వాటా 33 శాతం పైమాట. ఒకే ఏడాదిలో 25 శాతానికి మించి బైబ్యాక్ కుదరదు కనుక ఆయన ఒక్క విడతలో బయటపడలేరు. మిగిలినదాన్ని మిగతా ఇద్దరు సొంత డబ్బుతో కొనాలి, లేదా ఏడాది ఆగాలి. అంతా ఒకేసారి రద్దు కావాలంటే సెక్షన్ 66 కింద మూలధన తగ్గింపుకు జాతీయ కంపెనీ చట్ట ట్రైబ్యునల్ ఆమోదం తెచ్చుకోవాలి. రుణదాతల అభ్యంతరాలు వినడం వంటి దశలున్న సుదీర్ఘ ప్రక్రియ అది. ఈ షరతులు చాలావరకు రుణదాతల రక్షణ కోసమే. కంపెనీకి సరుకు అరువిచ్చినవారి సొమ్ము వాటాదారుల చేతికి ముందే వెళ్లిపోకుండా చట్టం కాపలా కాస్తోంది. షరతులు కష్టమనిపించవచ్చు గానీ అన్యాయమైనవి కావు.

సంఖ్య కూడా చూసుకోవాలి. ప్రైవేటు కంపెనీకి కనీసం ఇద్దరు సభ్యులుండాలి. ఇద్దరే ఉన్న కంపెనీలో ఒకరి షేర్లన్నీ రెండోవారే కొనేస్తే ఒక్కరే మిగులుతారు. ఆ స్థితి ఆరు నెలలు దాటాక కూడా వ్యాపారం నడిపితే, సంగతి తెలిసి కొనసాగిన సభ్యుడిపై ఆ కాలంలో చేసిన అప్పుల బాధ్యత వ్యక్తిగతంగా పడుతుందని సెక్షన్ 3ఏ చెబుతోంది. పరిమిత బాధ్యత అన్న రక్షణ అక్కడ పనిచేయదు. భార్య పేరునో తండ్రి పేరునో కొన్ని షేర్లు బదిలీ చేయించుకోవడం, లేదా ఏకవ్యక్తి కంపెనీగా మార్చుకోవడం మామూలుగా అనుసరించే మార్గాలు.

వెళ్లేవారు అన్నీ సరిగ్గా ఇచ్చినా కంపెనీ కదలకపోతే? ప్రైవేటు కంపెనీ బదిలీని తిరస్కరించవచ్చు, కానీ కారణాలతో 30 రోజుల్లో నోటీసు ఇవ్వాలి. నోటీసు అందిన 30 రోజుల్లో, అసలు నోటీసే రాకపోతే పత్రం ఇచ్చిన తేదీ నుంచి 60 రోజుల్లో కొనుగోలుదారు ట్రైబ్యునల్‌కు అప్పీలు చేసుకోవచ్చు. ఇది సెక్షన్ 58. వెళ్లిపోయే వ్యక్తికి ఎక్కువ పనికొచ్చేది దాని పక్కనే ఉన్న సెక్షన్ 59. ఒకరి పేరును తగిన కారణం లేకుండా చేర్చినా, తీసేసినా, సభ్యుడు కావడాన్ని గానీ సభ్యత్వం ముగియడాన్ని గానీ నమోదు చేయడంలో అనవసరంగా ఆలస్యం చేసినా, నష్టపోయినవారు రిజిస్టర్ సవరణ కోరవచ్చు. తెలంగాణ కంపెనీలకు హైదరాబాద్ బెంచ్, ఆంధ్రప్రదేశ్ కంపెనీలకు అమరావతి బెంచ్ ఉన్నాయి. తనకు తెలియకుండా పేరు తీసేశారని గుర్తించిన వ్యక్తికీ ఇదే సెక్షన్ ఆయుధం. కట్టాల్సిన సొమ్మంతా కట్టిన షేర్లను అలిగారనో, పనికి రావడం లేదనో జప్తు చేయడం కుదరదు. కాల్ సొమ్ము (షేర్లపై కట్టమని కంపెనీ అడిగిన మిగతా సొమ్ము) బాకీ పడ్డప్పుడే, అదీ ఆర్టికల్స్ అనుమతిస్తేనే జప్తు సాధ్యం.

షేర్లు డీమ్యాట్‌లో, అంటే ఎలక్ట్రానిక్ రూపంలో ఉంటే ఈ కాగితాల తంతు చాలావరకు ఉండదు. ఎస్‌హెచ్-4 అక్కర్లేదు, డిపాజిటరీ పార్టిసిపెంటుకు (డీమ్యాట్ ఖాతా నడిపే బ్యాంకుకో బ్రోకరు సంస్థకో) బదిలీ సూచన ఇస్తే సరిపోతుంది. ఎలక్ట్రానిక్ షేర్లను భద్రపరిచే సంస్థ అయిన డిపాజిటరీ దగ్గరున్న లబ్ధిదారుల జాబితానే సభ్యుల రిజిస్టర్‌గా చట్టం పరిగణిస్తుంది. 2023 అక్టోబరులో తెచ్చిన 9బీ నిబంధన చిన్న కంపెనీలు కాని ప్రైవేటు కంపెనీలను కూడా డీమ్యాట్‌లోకి రమ్మంది. మొదట 2024 సెప్టెంబరు 30గా ఉన్న గడువు తర్వాత 2025 జూన్ 30కి జరిగింది. ఆ పరిధిలోకి వచ్చిన కంపెనీలో ఇప్పుడు ఎవరైనా వెళ్లిపోవాలంటే ముందు తన కాగితం షేర్లను డీమ్యాట్ చేసుకోవాలి, ఆ తర్వాతే బదిలీ. సర్టిఫికెట్ పోగొట్టుకున్నవారికి ఇది రెండింతల పని. ముందు నకలు సర్టిఫికెట్ తెచ్చుకోవాలి, తర్వాత డీమ్యాట్.

వెళ్లేవారు అమెరికాలోనో, దుబాయ్‌లోనో ఉంటే విదేశీ మారకద్రవ్య చట్టం కూడా వచ్చి చేరుతుంది. హైదరాబాద్, విజయవాడల్లో పెట్టిన కంపెనీల్లో ప్రవాస మిత్రుల, బంధువుల పెట్టుబడి మామూలే గనుక దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు. సొమ్మును తిరిగి విదేశానికి తీసుకెళ్లే ప్రాతిపదికన పెట్టుబడి పెట్టిన ప్రవాసుడు ఇక్కడివారికి అమ్మితే, మదింపు చేసిన న్యాయమైన విలువకు మించి ధర ఉండకూడదు, 60 రోజుల్లో బ్యాంకు ద్వారా ఎఫ్‌సీ-టీఆర్‌ఎస్ అనే ఫారం దాఖలు చేయాలి. ఇక్కడివారి మధ్య అమ్మకంలో చిక్కు దీనికి తిరగబడి ఉంటుంది. స్నేహం కొద్దీ ముఖవిలువకే ఇచ్చేసినా, ఆదాయపు పన్ను శాఖ మాత్రం నిబంధనల ప్రకారం లెక్కగట్టిన విలువకే అమ్మినట్టు భావించి పన్ను వేస్తుంది. చవకగా పొందిన వ్యక్తికీ ఆ తేడా ఆదాయంగా లెక్కకు రావచ్చు.

వాటాదారు మరణిస్తే అది బదిలీ కాదు, వారసత్వ సంక్రమణ. ఎస్‌హెచ్-4 అవసరం లేదు. ఎస్‌హెచ్-13 ఫారంలో నామినీ పేరు ముందే ఇచ్చి ఉంటే పని తొందరగా తెములుతుంది. లేకపోతే ఆర్టికల్స్, షేర్ల విలువలను బట్టి వారసత్వ ధ్రువపత్రమో, వీలునామా ప్రొబేటో (వీలునామాకు కోర్టు ధ్రువీకరణ) అడుగుతారు.

పేరు రిజిస్టర్ నుంచి పోయినా కొన్ని బంధాలు తెగవు. కంపెనీ అప్పుకు బ్యాంకులో ఇచ్చిన వ్యక్తిగత హామీ షేర్లతో పాటు పోదు. బ్యాంకు రాతపూర్వకంగా విడుదల చేసేదాకా అది మెడకు చుట్టుకునే ఉంటుంది. కొనసాగే హామీ అయితే, ఇకపై ఇచ్చే అప్పుల వరకు నోటీసుతో ఉపసంహరించుకునే హక్కును కాంట్రాక్టు చట్టంలోని సెక్షన్ 130 ఇస్తుంది, పాత బాకీలకు అది వర్తించదు. వాటా అమ్మకం ఖరారు చేసేటప్పుడే ఈ విడుదల ఉత్తరం సంగతి తేల్చుకోని వారు తర్వాత ఎంత వేదన పడతారో బ్యాంకు రికవరీ నోటీసులు అందుకున్న కుటుంబాలకు తెలుసు. షేర్లపై ఇంకా చెల్లించాల్సిన సొమ్ము ఉండగా అమ్మేసి, ఏడాది తిరక్కముందే కంపెనీ మూసివేతకు వెళితే, పాత సభ్యుడిని కూడా ఆ బాకీకి పిలవవచ్చు. అందుకే సభ్యత్వం ముగిసిన తేదీ గడిలో ఏ తేదీ పడిందన్నది అంత ముఖ్యం.

ఆ తేదీని కళ్లారా చూసుకునే హక్కు చట్టమే ఇచ్చింది. సెక్షన్ 94 ప్రకారం సభ్యులు రిజిస్టర్‌ను ఉచితంగా చూడవచ్చు. బయటివారైతే ఆర్టికల్స్ నిర్ణయించిన రుసుము కట్టాలి, అది ఒక్కో పరిశీలనకు 50 రూపాయలు మించకూడదు. పేజీకి పది రూపాయలు మించని రుసుముతో నకలు అడిగితే ఏడు రోజుల్లో ఇవ్వాలి. వెళ్లిపోయిన వ్యక్తి ఇప్పుడు బయటివాడే కాబట్టి ఆ రుసుము కట్టాల్సి రావచ్చు. తన ఫోలియో మూసిన పేజీ నకలు, బోర్డు తీర్మానం ప్రతి, ఎస్‌హెచ్-4 జిరాక్సు, డబ్బు బ్యాంకులో పడిన స్టేట్‌మెంటు ఒక్క ఫైల్లో పెట్టుకుని, తర్వాతి వార్షిక రిటర్న్ దాఖలయ్యాక అందులోని వాటాదారుల జాబితాను కూడా ఒకసారి సరిచూసుకోవాలి.